తలుపు తీసిన మనిషి

ఈ నాలుగు మాటలు రాయకపోతే గుంటూరులో ఒక అబద్ధం ఖాయమైపోతుంది. మొన్న ఆయన సంస్మరణ సభలో మైకు ముందుకు వచ్చిన ప్రతివాడూ మహానటుడు అనే మాట వాడాడు. ఒకాయన కళామతల్లి ముద్దుబిడ్డ అన్నాడు. బతికున్న రోజుల్లో ఆయనకు ఒక్కసారైనా టీ ఇప్పించని పెద్దమనిషి లేచి, తెలుగు తెర ఒక కన్ను పోగొట్టుకుందన్నాడు. ఇదంతా కలిపి త్వరలో ఒక సంచిక వేస్తారట. సంచిక అచ్చయి లైబ్రరీ బీరువాలోకి చేరిందంటే ఇక అదే చరిత్ర. నేను లైబ్రరీలో చదువుకున్నవాణ్ణి. అచ్చులో పడిన అబద్ధానికి ఎంత ఆయుష్షు ఉంటుందో నాకు తెలుసు. అందుకే ఆయన్ని ఎరిగినంతలో ఉన్నదున్నట్టు రాసి పెడుతున్నాను. ఆయన మహానటుడు కాదు. మంచి నటుడు కూడా కాదు.

పేరు రాయను. ఏ సీరియల్లోనూ ఆయన పేరు విడిగా పడలేదు. పేర్లన్నీ అయిపోయాక చివర్లో ‘తదితరులు’ అని వస్తుందే, ఆయన ఆ మాటలో ఉండేవాడు. చనిపోయాడు కదా అని ఇప్పుడు బయటికి లాగి కుర్చీ వేయడం నాకు ఇష్టం లేదు.

సభలో ఒక సంగతి జరిగింది. వేదిక వెనక పెద్ద ఫ్లెక్సీ కట్టారు. అందులో ఆయన మీసం మెలేసి, జరీ కండువా వేసుకుని, మెడలో గంధపు దండతో ఉన్నాడు. దండ ఫొటోలోనే ఉంది. ఫ్లెక్సీ వేసినవాడు ఏదో సీరియల్లోంచి తీసి పెద్దది చేశాడు. దాని మీద నిర్వాహకులు మళ్ళీ ఒక బంతిపూల దండ వేలాడదీశారు. మొదటి వరసలో కూర్చున్న ఆయన భార్య సుశీలమ్మ గారు లేచి వేదిక దగ్గరికి వెళ్ళింది. ఏడుస్తుందేమోనని ఇద్దరు ఆడవాళ్ళు పట్టుకోబోయారు. ఆమె ఏడవలేదు.

“ఆ ఫొటో తీసేయండి. ఆ దండ వేరే చావుదండీ,” అంది.

ఎవరికీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది. ఆ వేరే చావు సంగతి చెప్పడానికే ఇదంతా.

నాది పదో తరగతితో ఆగిన చదువు. మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో గుమాస్తాను. పొద్దున కొట్టు తెరిచేలోపు మా పేట లైబ్రరీకి వెళ్ళి చదువుకోవడం నాకు పెళ్ళికి ముందు నుంచీ ఉన్న అలవాటు. ఆయన పరిచయమైంది అక్కడే. తలుపు తీసీ తీయగానే వచ్చి, పేపరు అందుకుని, నిలబడే సినిమా పేజీ తిప్పేవాడు. అందులో ఆయన గురించి ఎన్నడూ ఏమీ ఉండేది కాదు. అయినా ప్రతిరోజూ అప్పుడే అవమానం జరిగినట్టు పేపరు మడిచి, నా పక్కన కూర్చునేవాడు. ఏం చదువుతున్నారండీ అని అడిగేవాడు. నేను జవాబు చెప్పడం మొదలుపెట్టగానే తన కబురు మొదలుపెట్టేవాడు. ఆయన లైబ్రరీకి రావడమే గాని, ఒక్క పుస్తకం తెరవగా నేను చూడలేదు.

నటన గురించి ఆయనకు ఒకటే సిద్ధాంతం ఉండేది. “వేషం అంటే కండువా అండీ,” అనేవాడు. భుజం మీద వేస్తే ఊరి పెద్ద. మెడ చుట్టూ వేస్తే పెళ్ళికూతురి తండ్రి. తలకు చుడితే రైతు. తీసి నేలకేసి కొడితే అవమానం జరిగిన రైతు. ఇవన్నీ రీడింగ్ రూములోనే చేసి చూపించేవాడు. నటుడు పాత్ర మనసులోకి వెళ్ళాలనీ, ఆ మనిషి ఊపిరి ఎలా తీస్తాడో కూడా ఆలోచించాలనీ నేను చదివిన సంగతులు ఒకసారి చెప్పాను. ఆయన జాలిగా నవ్వాడు. “ఊపిరి కెమెరాకి కనపడదండీ. కండువా కనపడుద్ది,” అన్నాడు.

చిన్న వేషాలు వేసేవాళ్ళు తమ బట్టలు తామే తెచ్చుకోవాలట. ఆయన సంచీ ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. హైదరాబాద్ నుంచి ఫోను రాగానే దాన్ని తగిలించుకుని బస్సెక్కేవాడు. అందులో నాలుగు రకాల కండువాలు, డాక్టరు మెడలో వేసుకునే స్టెతస్కోపు, ఒక కళ్ళజోడు ఉండేవి. లైట్లు పడితే మెరుస్తాయని ఆ కళ్ళజోడుకు అద్దాలు తీయించేశాడు. డాక్టరుగా ఆపరేషన్ గదిలోంచి బయటికి వచ్చి, కళ్ళజోడు తీసి, కండువా లేదు గనక చొక్కా అంచుతో తుడిచి, నేలచూపులు చూసేవాడు. ఆ తర్వాత ఇంట్లోవాళ్ళు ఏడవాలి. అద్దాలు లేని కళ్ళజోడును అంత శ్రద్ధగా తుడిచిన మనిషిని నేను మరొకణ్ణి చూడలేదు. రెండు మూడు సీరియళ్ళలో తుడిచాడు. ఒక్క దర్శకుడూ పట్టుకోలేదు. దాన్నిబట్టి దర్శకుల సంగతి కూడా తెలుస్తుంది.

మా యార్డుకు కూడా వచ్చేవాడు. పని ఉండి కాదు. మిర్చి బస్తాలు, మా భాషలో టిక్కీలు, మోసే కూలీలు, మిరపకాయలు అమ్ముకోవడానికి వచ్చిన రైతులు గుర్తుపడతారేమోనని. ఘాటుకు అందరూ ముక్కులకు తువ్వాళ్ళు కట్టుకుంటే ఆయన మాత్రం ముఖం కనపడాలని దగ్గుతూ తిరిగేవాడు. మా హమాలీలు ఆయన్ని వదిలేవాళ్ళు కాదు.

“ఏం బాబాయ్, ఈ వారం ఎక్కడ చచ్చావ్?” అని అరిచేవాళ్ళు.

ఆయన ఆ ఎగతాళిని ఎగతాళిగా తీసుకోడు. “ఈ వారం చావలేదురా. కోమాలో ఉన్నా,” అని నిజంగానే జవాబు చెప్పేవాడు.

సినిమా ఒకటి ఉంది. హీరో పంచాయితీలో నిలబడి మాట్లాడుతుంటే పక్కన ఈయన ఒక వాక్యం చెప్పాడట. రీడింగ్ రూములో మా అందరి చేతా ఆ వాక్యం కంఠతా పట్టించాడు. విడుదలైన రోజు పట్టుబట్టి థియేటరుకు తీసుకెళ్ళాడు. పంచాయితీ వచ్చింది, హీరో మాట్లాడాడు, పంచాయితీ వెళ్ళిపోయింది. వాక్యం లేదు, ముఖం లేదు. తెరకు ఎడమ పక్కన ఒక భుజం, దాని మీద ఎర్ర అంచు కండువా ఉన్నాయి. బయటికి వచ్చాక మేం ఏమీ అనకముందే ఆయన, “చూశారుగా, ఆ భుజం నాదే,” అన్నాడు. ఆ మాటలో సిగ్గు లేదు. నాకు నవ్వు కూడా రాలేదు.

ఇంతవరకూ రాసింది చదివి, పాపం అమాయకుడని అనుకునేవాళ్ళు ఉంటారు. అక్కడే ఆపితే సభలో మాట్లాడినవాళ్ళకూ నాకూ తేడా ఉండదు. అసలు సంగతి ఆయన మీసం.

ఆయనది వినుకొండ దగ్గర పల్లె. మిరపా పత్తీ వేసే కుటుంబం. తండ్రి ఎప్పుడో పోయాడు. అన్న వెంకట నర్సయ్య గారు పొలం చూసుకుంటూ తల్లిని దగ్గర పెట్టుకున్నాడు. మా వైపు తండ్రికి పెద్దకొడుకు, తల్లికి చిన్నకొడుకు తలకొరివి పెట్టడం ఆచారం. తండ్రికి నర్సయ్య గారు పెట్టాడు. తల్లి బాధ్యత ఈయనది.

తల్లి పోయేనాటికి ఆయన ఒక సీరియల్లో జమీందారు తమ్ముడు. ఆయన జీవితంలో అంత పెద్ద వేషం అంతకుముందు లేదు, ఆ తర్వాతా రాలేదు. మెలేసిన ఆ మీసం సొంతదే. కబురు అంది ఊరికి వెళ్ళేసరికి అన్నీ సిద్ధంగా ఉన్నాయి. క్షురకుడు గిన్నెలో నీళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. తలా మీసమూ తీయించుకుని స్నానం చేస్తేగాని నిప్పు పట్టుకోవడానికి లేదు. ఆయన కూర్చోబోయి, మీసం మీద చెయ్యి వేసుకుని ఆగిపోయాడు. ఎల్లుండి షూటింగుంది, కంటిన్యుటీ పోతుంది అన్నాడు.

అదేమిటో అక్కడ ఎవరికీ తెలియదు. అందుకని శవం పక్కన నిలబడి వివరించాడు. మొన్న తను గది తలుపు తీసేవరకూ తీశారట. ఎల్లుండి ఆ గదిలోకి అడుగు పెట్టేది తీస్తారట. మీసంతో తలుపు తీసినవాడు మీసం లేకుండా లోపలికి వస్తే జనం నవ్వుతారట.

“నువ్వు తీసిన తలుపు తీసే ఉంటుందిలేరా,” అన్నాడట అన్న. “అమ్మ నేలమీదుంది. కూర్చో.”

ఆయన కూర్చోలేదు. కాసేపు చూసి నర్సయ్య గారే వెళ్ళి క్షురకుడి ముందు తల వంచాడు. తల్లికి పెద్దకొడుకు తలకొరివి పెట్టాడు. చిన్నకొడుకు మీసంతో సహా వెనక నడిచాడు. ఆ రోజు నుంచి అన్న ఆయనతో మాట్లాడలేదు. ఏటేటా తల్లి తద్దినానికి పిలవలేదు.

ఇది ఎవరో చెబితే నేను నమ్మేవాణ్ణి కాదు. ఆయనే చెప్పాడు, రీడింగ్ రూములో, కళ కోసం తను చేసిన త్యాగంగా చెప్పాడు. మెచ్చుకుంటామని మా ముఖాల్లోకి చూశాడు. నేను పుస్తకం మూసి, మరి ఆ గదిలోకి వెళ్ళారా అని అడిగాను. ఆయన కండువా సర్దుకున్నాడు. సుశీలమ్మ గారి ద్వారా తర్వాత తెలిసింది. షూటింగుకు వెళ్ళేసరికి కథ మార్చేశారట. జమీందారు తమ్ముడు గుండెపోటుతో పోయాడని సీరియల్లో ఎవరో ఒక మాటలో చెప్పారు. ఈయన్ని గోడకు ఆనించి నిలబెట్టి ఫొటో తీసి, అది ఫ్రేము కట్టి, గంధపు దండ వేసి హాల్లో మేకుకు తగిలించారు. తలుపు తీసిన మనిషి గదిలోకి రానేలేదు. ఫొటో మాత్రం ఆ సీరియల్ ఉన్నంతకాలం ఉంది. అందరూ దాని ముందు నిలబడి కన్నీళ్ళు పెట్టుకున్నారు. మొన్న ఫ్లెక్సీగా వేసింది ఆ ఫొటోనే.

ఆ తర్వాత ఆయన మీసం మెలేయడం మానేశాడు. కాని తీయించలేదు. తప్పు చేశానని కూడా అనలేదు. అన్న చదువుకోలేదు, ఆయనకు కళ గురించి తెలియదు అనేవాడు.

కొన్నేళ్ళ తర్వాత ఒక పొద్దున వచ్చి, రేపు నాతో వాడరేవు రావాలి అన్నాడు. సముద్రం ఒడ్డున ఒక సీరియల్ షూటింగ్. ఈయనది ఒక్క సీను, తల్లికి కర్మ చేసే కొడుకు. నటన చూపిస్తాను రండి, ఎప్పుడూ పుస్తకాలేనా అన్నాడు. ఆయన నటన మీద నా అభిప్రాయం కళ్ళారా చూసి ఖాయం చేసుకుందామని వెళ్ళాను. చీరాల వరకూ బస్సు, అక్కణ్ణుంచి ఆటో. దారిలో ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన అంతసేపు నోరు మూసుకోవడం అదే మొదటిసారి.

ఒడ్డున ఎండుచేపల వాసన. సెలవు రోజు గనక జనం కెమెరా చుట్టూ మూగారు. మేకప్ కుర్రాడు గుండు విగ్గు తెచ్చాడు. ఈయన వద్దన్నాడు, నిజంగానే తీయించుకుంటానన్నాడు. ఒక్క నిమిషం సీనుకు ఎందుకండీ, తర్వాత వేషాలు పోతాయి అని మేనేజరే బతిమాలాడు. ఈయన వినలేదు. ఊళ్ళోంచి ఏడుకొండలు అనే క్షురకుణ్ణి పిలిపించి, తిరగేసిన పడవ నీడలో కూర్చుని తలా మీసమూ తీయించుకున్నాడు. మీసం పోయాక ఆ ముఖంలో పైపెదవి ఎంత చిన్నదో తెలిసింది.

ఇసకలో పందిరి వేసి, మంత్రాలకు అక్కడి పురోహితుడు శేషాచార్యులు గారిని కూర్చోబెట్టారు. ఆయన పెద్దాయన. కెమెరాను చూసి తడబడి, నిజంగా చెప్పమంటారా, సినిమాకు చెప్పమంటారా అని అడిగాడు.

“నిజంగా చెప్పండి,” అన్నాడు ఈయన.

గోత్రం అడిగారు, చెప్పాడు. తల్లి పేరు అడిగారు. నాగరత్నమ్మ అన్నాడు. అసిస్టెంటు పరుగెత్తుకొచ్చి, సార్, అమ్మగారి పేరు పార్వతీదేవి సార్ అన్నాడు. దర్శకుడు మళ్ళీ తీద్దాం అన్నాడు. మళ్ళీ తల్లి పేరు అడిగారు. ఈయన మళ్ళీ నాగరత్నమ్మ అనే చెప్పాడు. మూడోసారీ అంతే. దర్శకుడు విసుక్కుని, పోనీలేవయ్యా, మీద మ్యూజిక్ వేసేద్దాం అన్నాడు. ఈయన నువ్వులూ నీళ్ళూ వదిలాడు. కట్ అన్నా లేవలేదు. శేషాచార్యులు గారు కూడా మంత్రం మధ్యలో ఆపలేదు. కెమెరా అవతలికి వెళ్ళిపోయి, ఇంకో సీనుకు పెళ్ళి మండపం కడుతున్నా, ఇద్దరూ ఇసకలో కూర్చుని మొత్తం పూర్తి చేశారు.

నాకు అప్పుడు దయ కలగలేదు. ఇప్పుడూ నిజమే రాస్తున్నాను, ఒళ్ళు మండింది. కన్నతల్లికి కర్మ చేయడానికి కూడా ఈయనకు లైట్లు కావాలి, ఇంకెవరో కట్టిన పందిరి కావాలి, పక్కన మెచ్చుకోవడానికి నేను కావాలి. సొంత ఊరు వెళ్ళి అన్న ముందు తల వంచడానికి మాత్రం కాళ్ళు రావు. తిరుగు బస్సులో ఆ మాటే అన్నాను. ఆయన గుండు తడుముకుంటూ, “ఎలా చేశానండీ?” అని అడిగాడు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

ఆ సీను టీవీలో వచ్చింది. వయొలిన్లు గోల పెట్టాయి. పెదాలు కదిలాయి, పేరు వినపడలేదు.

మొన్న ఆయన పోయినప్పుడు మేమందరం దిగులుపడ్డది తలకొరివి గురించే. పిల్లలు లేరు. సుశీలమ్మ గారు అన్నకు ఫోను చేయించింది గాని, ఆయన రాడనుకున్నాం. ఎండ ఎక్కకముందే వినుకొండ వైపు నుంచి కారు వచ్చింది. అందులోంచి నర్సయ్య గారు, ఆయన పెద్దకొడుకు శ్రీను దిగారు. శ్రీను దారిలోనే గుండు చేయించుకుని వచ్చాడు. మీసం కూడా లేదు. ఎవరినీ ఏమీ అడగకుండా నిప్పుకుండ అందుకున్నాడు.

ఇది నాకు లెక్క కుదరలేదు. తల్లికి కొరివి పెట్టని తమ్ముడికి ఆ అన్న కొడుకు గుండుతో ఎందుకు వచ్చాడు? సభ అయిన వారానికి బస్సెక్కి వాళ్ళ ఊరు వెళ్ళాను. నర్సయ్య గారు కల్లంలో మిరపకాయలు తిరగేస్తున్నాడు. ఎర్రటి కల్లం మధ్య పాదాలతో దారి చేసుకుంటూ వచ్చి, నన్ను గుర్తుపట్టి, పట్టా మీద కూర్చోమన్నాడు. మీ తమ్ముడి గురించి రాస్తున్నానని చెప్పాను. మంచిగా రాస్తావా అని అడిగాడు. లేదండీ అన్నాను. అయితే కూర్చో అన్నాడు.

వాడరేవు సంగతి చెప్పబోయాను. నాకు తెలుసులే అన్నట్టు చెయ్యి ఎత్తాడు.

“టీవీలో చూశా. సౌండు పెంచి చూశా. ఆ దిక్కుమాలిన వాయిద్యాలేందో, ఏమీ వినపళ్ళా. మావాడు సెల్లులో పెట్టి ఆపి ఆపి చూపిచ్చాడు. పెదాలు చూస్తే తెలీదా? అమ్మ పేరే.”

“క్షమించారా?”

“క్షమించడమేందయ్యా. ఎదవపని ఎదవపనే. అమ్మకి సముద్రం కాడ, ఎవడి పందిట్లోనో చేస్తాడా?” మిరపకాయ ఒకటి తీసి తాలుకాయేమో చూసి పక్కన పడేశాడు. “ఆ ఏడు తద్దినానికి రమ్మని కబురు పెట్టా.”

వచ్చాడట. వెనక వరసలో కూర్చోబోతే, ముందుకొచ్చి కూర్చోమని అన్నే చెప్పాడట. ఇద్దరూ పీటల మీద కూర్చున్నారు. సరిగ్గా పిండాలు పెట్టే వేళకు తమ్ముడి జేబులో ఫోను మోగింది. పురోహితుడు ఆగాడు. ఇంట్లో ఆడవాళ్ళంతా ఈయన వైపు చూశారు. ఈయన జేబు మీద చెయ్యి అదిమిపెట్టి తల వంచుకున్నాడు. ఫోను ఆగి, మళ్ళీ మోగింది.

“నేనే అన్నా,” అన్నాడు నర్సయ్య గారు. “ఎత్తరా, వేషమేమో అన్నా.”

“ఎత్తారా?”

“ఎత్తాడు.” ఆయన ముఖంలో కోపం లేదు, అలాగని నవ్వూ లేదు. “వేషమే. డాక్టరంట. మీసం పెరిగిందా అని అడిగారంట. పెరగలా, రాలేను అని పెట్టేశాడు. అబద్ధం. అప్పటికి పెరిగింది. మళ్ళీ పిండం కాడికి వచ్చి కూర్చున్నాడు.”

నేను అక్కణ్ణుంచి లేచి వచ్చేశాను. ఆ తమ్ముడు జీవితంలో చేసిన ఒకే ఒక మంచి నటన ఆ అబద్ధమని నా అభిప్రాయం. దానికి కెమెరా లేదు. చూసినవాళ్ళు కూడా అది నటన అని అనుకోలేదు. మిగతా విషయాల్లో నా మాట మార్చుకోను.

ఈ వ్యాసానికి సాయపడినవాళ్ళు చాలామంది. పొద్దున్నే తలుపు తీసి మమ్మల్ని భరించిన లైబ్రేరియన్ రమాదేవి గారికి, ఈయన ఎక్కడెక్కడ చచ్చాడో గుర్తుచేసిన హమాలీ మేస్త్రీ కోటయ్యకు, వాడరేవు ఏడుకొండలుకు, శేషాచార్యులు గారికి, ఆ ఫ్లెక్సీ దించడానికి స్టూలెక్కిన బాజీకి, శ్రీనుకు, అన్నీ దాచకుండా చెప్పిన సుశీలమ్మ గారికి, కల్లంలో పని ఆపి మాట్లాడిన వెంకట నర్సయ్య గారికి కృతజ్ఞతలు. చివరగా నాగరత్నమ్మ గారికి. ఆమెను నేను చూడలేదు. టీవీలో ఆమె పేరు వినపడలేదు. ఇక్కడ వయొలిన్లు లేవు గనక రాసి పెడుతున్నాను.